స్టీవ్ హారిస్ గ్యాలప్: రెండు వేళ్లతో ఎలా, ఆ 'టక్ టక్' ఎక్కడిది?

గోదారి గ్యాలప్
అందరికీ నమస్కారం. హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ పాట 'ది ట్రూపర్'లో బేసిస్టు స్టీవ్ హారిస్ వాయించే బేస్ గిటార్ లైన్ మీద మూడు సందేహాలు. ఒకటి, 120 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర గీత గీసినట్టు వచ్చే గ్యాలప్ (గుర్రపు దౌడు లయ) 150 దాటగానే ఎందుకు ముద్దయిపోతుంది? రెండు, హారిస్ నిజంగా రెండు వేళ్లతోనే వాయిస్తాడా, మూడోది ఎక్కడైనా దూరుస్తాడా? మూడు, ఆ 'టక్ టక్' శబ్దం. యాంప్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా బుస్సుమంటుందే తప్ప టక్కుమనదు. బేస్ ఫెండర్ ప్రెసిషన్ రకమే, తీగలు మామూలు రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి) 45-105, అంటే మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో.

నాలుగుతీగలు
రెండో ప్రశ్నతో మొదలెడతా, మొదటి దానికి జవాబు అందులోనే ఉంది. రెండే వేళ్లు. చూపుడు, నడిమి. పిక్ లేదు, ఉంగరపు వేలు లేదు. మూడు వేళ్ల దారిలో బిల్లీ షీహన్, కానిబల్ కార్ప్స్ అలెక్స్ వెబ్‌స్టర్ లాంటివాళ్లు ఉన్నారు, అది వేరే బడి.

గ్యాలప్ అంటే ఒక ఎయిత్ నోటు, వెంటనే రెండు సిక్స్‌టీన్త్‌లు. మృదంగం చెవిన పడిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: "తా-కిట తా-కిట". తా రెండు భాగాలు, కి ఒకటి, ట ఒకటి. చతురశ్ర నడక. స్పీడు పెరిగేకొద్దీ ఏమవుతుందంటే ఆ 'తా' కుంచించుకుపోయి "తకిట తకిట" అయిపోతుంది, అంటే తెలీకుండానే తిశ్రంలోకి జారిపోతారు. లెక్క చూడండి. 160 బీపీఎంలో ఒక బీటు 375 మిల్లీసెకన్లు. సరిగ్గా పడితే తా 187, కి 94, ట 94. తిశ్రమైతే మూడూ తలా 125. మీరు 'ముద్దయిపోతోంది' అంటున్నది ఇదే. చిన్న నోట్లు స్పీడుగా రావట్లేదని అందరూ వాటి మీద పడతారు. తప్పు అక్కడ లేదు. పెద్ద నోటుని పూర్తిగా నిలబెట్టకపోవడం అసలు జబ్బు.

ఇక వేళ్ల వరుస. చూపుడుని 'చూ', నడిమిని 'న' అనుకుందాం. చాలామంది ప్రతి బీటూ "చూ న చూ" అని మొదలెడతారు. అప్పుడు ఆఖరి చిన్న నోటు చూపుడుతో, వచ్చే బీటు మొదటి నోటూ చూపుడుతోనే. మధ్యలో దొరికే టైము 94 మిల్లీసెకన్లే. ఒకే వేలు అంత తొందరగా తీగ దాటి, వెనక్కొచ్చి, మళ్లీ కొట్టాలి. 150 దగ్గర చెయ్యి బిగుసుకునేది అందుకే. అదే "చూ, చూ న" అని పెట్టుకుంటే చూపుడు రెండోసారి పడేది పెద్ద నోటు తర్వాత. 187 మిల్లీసెకన్ల విశ్రాంతి దొరుకుతుంది.

ఫ్రెట్ రాణి
నాలుగుతీగలు గారూ, తిశ్రం మాట అక్షరాలా నిజం. కానీ "చూ చూ న" దగ్గర నేను ఒప్పుకోను. నాలుగు నిమిషాలు ఆపకుండా గ్యాలపే అనుకుందాం, 160లో 640 బీట్లు. మీ పద్ధతిలో చూపుడు 1280 సార్లు కొట్టాలి, నడిమి 640. ఎద్దుల బండికి ఒక పక్కే ఎద్దు కట్టినట్టు. కచ్చితంగా మార్చి మార్చి వాయిస్తే, అంటే "చూ న చూ, న చూ న", తలా 960. పైగా ఏ వేలూ వరుసగా రెండుసార్లు పడదు.

ఇందులో కష్టమల్లా బీటు మొదట్లో ఒకసారి చూపుడు, ఒకసారి నడిమి పడటం. రెండిటి బలం సమానంగా లేకపోతే ఒక బీటు గట్టిగా, ఇంకోటి మెత్తగా వినిపిస్తుంది. రికార్డు చేసి వేవ్‌ఫామ్ చూస్తే దొంగ దొరికిపోతాడు, ఒకటి విడిచి ఒకటి పొట్టిగా ఉంటాయి.

నాలుగుతీగలు
రాణి గారూ, లెక్క సరే. కానీ కొత్తగా పట్టుకున్నవాళ్లకి బీటు మొదట్లో వేలు మారిపోతుంటే లయే తప్పుతుంది. తీగ మారినప్పుడు ఇంకా గందరగోళం. నా సలహా: 140 దాకా రెండూ సాధన చేసి, ఆ పైన ఏది వదులుగా వస్తే అది ఉంచుకోవడం. 

ఫ్రెట్ రాణి
అలాగైతే పేచీ లేదు. ఒక్కటి చేర్చాలి. పై తీగ నుంచి కింది స్వరం తీగకి వచ్చేటప్పుడు, అంటే జీ నుంచి డీకి, అదే వేలు జారిపోతూ రెండో తీగనీ లాగేస్తే పని తగ్గుతుంది. కచ్చితమైన మార్పిడి కావాలని అక్కడ కూడా వేలు మార్చక్కర్లేదు.

గోదారి గ్యాలప్
సాధన ఎలా మొదలెట్టాలో ఎవరైనా చెప్పండి అన్నా. రోజూ స్పీడు పెంచుకుంటూ పోవడమేనా?

నాలుగుతీగలు
అదొక్కటే చేస్తే తిశ్రాన్నే గట్టిపరుచుకుంటావు తమ్ముడూ.

ముందు బేస్ పక్కన పెట్టి నోటితో. మెట్రోనోమ్ 80లో పెట్టి "తా-కిట" అంటూ తొడ మీద బీటు. తర్వాత క్లిక్కుని 160కి మార్చు, అంటే ఒక్కో బీటుకి రెండు క్లిక్కులు. మొదటిది 'తా' మీద, రెండోది కచ్చితంగా 'కి' మీద పడాలి. ఆ రెండో క్లిక్కే నీ గురువు. 'కి' దానికంటే ముందొచ్చిందంటే తా కుదించేశావని అర్థం. ఇది కుదిరాక ఓపెన్ ఈ (E) తీగ మీద, ఎడమ చెయ్యి పని లేకుండా. రెండు నిమిషాలు తప్పు లేకుండా వస్తే 4 బీపీఎం పెంచు, తప్పితే 8 తగ్గించు. ముంజేయి బరువెక్కిందంటే ఆపేయాల్సిందే, 'ఓర్చుకుంటే అదే వస్తుంది' అనే మాట ఇక్కడ పనికిరాదు.

బిగుసుకుపోడానికి ఇంకో కారణం మణికట్టు. బేస్ మరీ కిందకి వేలాడితే కుడి మణికట్టు దాదాపు 90 డిగ్రీలు వంగుతుంది, వేళ్లని లాగే టెండన్లు ఆ మలుపులో రాసుకుంటాయి. ముంజేయి బాడీ అంచు మీద ఆనించి, మణికట్టు వీలైనంత తిన్నగా ఉండేలా పట్టీ పొడవు సర్దుకో. కదలాల్సింది వేలి మొదటి కణుపు, ముంజేయి కాదు. వేలు తీగ దాటాక పక్క తీగకి ఆని ఆగాలి, గాల్లోకి లేవకూడదు. లేచిన ప్రతి అరంగుళమూ తిరిగి రావాల్సిన దూరమే.

సెటప్ సుబ్బు
మూడో ప్రశ్న నాది.

ఆ టక్కు ట్రెబుల్ నాబ్‌లో ఉండదు. తీగ ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీకి) తగిలే చప్పుడు అది. నాలుగు కలవాలి: ఫ్లాట్‌వౌండ్ (పైన చదును రేకు చుట్టిన) తీగలు, అవి కొత్తవై ఉండటం, ఫ్రెట్ల మీద తీగ తక్కువ ఎత్తులో ఉండటం, గట్టి దెబ్బ. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా హారిస్ టక్కు పూర్తిగా రాదు.

హారిస్ వాడేది రోటోసౌండ్ ఎస్‌హెచ్77, ఆయన పేరు మీదే వచ్చే మోనెల్ ఫ్లాట్‌వౌండ్ సెట్టు. 50-75-95-110. మోనెల్ అంటే నికెల్, రాగి కలిసిన లోహం. ఫ్లాట్‌వౌండ్ అనగానే జాజ్ సంగీతంలో బేస్‌లా 'ధుమ్ ధుమ్' అనుకుంటారు, అది పాతబడ్డాక. కొత్త ఫ్లాట్ మొదటి కొన్ని గంటలు చాలా కరుకుగా మోగుతుంది. అందుకే ప్రతి షోకీ ఆయనకి కొత్త సెట్టు ఎక్కిస్తారు. మనకి అది కుదిరే పని కాదు, ఒక సెట్టు ధరకి ఇక్కడ నెల రోజుల ట్యూషన్ ఫీజు కట్టొచ్చు.

మీ 45-105 తీసి ఇవి వేస్తే మెడ మీద లాగుడు పెరుగుతుంది, మెడ ముందుకి వంగుతుంది. ఫస్ట్ ఫ్రెట్ దగ్గర కేపో (తీగలు నొక్కిపట్టే క్లిప్పు) వేసి, మెడ బాడీతో కలిసే చోట ఈ (E) తీగ నొక్కి, 7 లేదా 8వ ఫ్రెట్ దగ్గర ఖాళీ ఎంతుందో ఫీలర్ గేజ్‌తో (సన్నటి ఖాళీలు కొలిచే రేకులతో) చూడండి. 0.3 మి.మీ. కంపెనీ లెక్క. టక్కు కావాలంటే 0.2 దాకా తేవచ్చు. ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఒకసారికి పావు చుట్టు, అంతకంటే వద్దు. కుడివైపు తిప్పితే బిగుస్తుంది. పాత డిజైన్ ప్రెసిషన్లలో ఆ రాడ్ తిప్పే నట్టు మెడ మడమ దగ్గర ఉంటుంది, మెడ విప్పితే గానీ అందదు. ముందే చూసుకోండి.

తర్వాత ఎత్తు. ఫెండర్ చెప్పే లెక్క 17వ ఫ్రెట్ దగ్గర ఈ (E) తీగ వైపు 2.4 మి.మీ., జీ (G) తీగ వైపు 2.0. రెండు వైపులా 0.4 తగ్గించి మొదలెట్టండి, ఒక్కో సాడిల్ (బాడీ వైపు తీగ ఆనే మెట్టు) మర పావు చుట్టు చొప్పున. ట్యూన్ చేసి, గట్టిగా కొట్టి, వినండి.

ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. 'టక్' అని మొదట్లో ఒకసారి మోగి స్వరం శుభ్రంగా సాగితే అదే మనకి కావాల్సింది. 'జ్‌ర్‌ర్' అని స్వరమంతా సాగితే అది బజ్. 1 నుంచి 5 ఫ్రెట్ల మధ్య బజ్ వస్తే మెడ మరీ తిన్నగా అయిపోయింది, రాడ్ కాస్త వదలాలి. 12 పైన వస్తే తీగ ఎత్తు చాలదు. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర వస్తే దాని పక్కది లేచి ఉంది, ఫ్రెట్ సానపట్టించాలి, రాడ్ ఎంత తిప్పినా పోదు.

మోటౌన్ మావయ్య
సుబ్బు చెప్పిందానికి ఎదురు సాక్ష్యం ఒకటి. అమెరికా సోల్ సంగీత కంపెనీ మోటౌన్‌లో జేమ్స్ జేమర్సన్ వాయించిందీ ప్రెసిషనే, వేసిందీ ఫ్లాట్‌వౌండ్‌లే. ఆయన తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదు, చూపుడు వేలు ఒక్కదానితో వాయించేవాడు. అదే బేస్, అదే జాతి తీగ, ఒకరి దగ్గర దిండు మీద గుద్దినట్టు, ఇంకొకరి దగ్గర కొయ్య మీద మేకు కొట్టినట్టు. కాబట్టి 'ఏ మోడల్ కొనాలి' అనే ప్రశ్న ఈ చర్చలో రాకపోతే బావుణ్ను.

గోదారి గ్యాలప్
ఎస్‌హెచ్77 వేశాక ఏ (A) తీగ ట్యూన్ చేస్తుంటే 'కిర్రు'మని చప్పుడొస్తోంది, స్వరం ఎక్కదు, ఎక్కదు, ఒక్కసారిగా దూకుతుంది. కీ పాడైందా?

సెటప్ సుబ్బు
కీ కాదు, నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ). 85 ఉన్న గాడిలోకి 95 వెళ్లింది, పావు మి.మీ. లావు. గాడి దాన్ని పట్టేస్తోంది. కీ తిప్పితే నట్ అవతల మాత్రమే బిగుస్తుంది, లాగుడు హద్దు దాటాక తీగ జారి దూకుతుంది. నట్ ఫైల్‌తో గాడిని వెడల్పు చేయాలి, లోతు చేయకూడదు. రెండు మూడు రుద్దులు, తీగ పెట్టి చూడటం. లోతైతే ఓపెన్ తీగ ఫస్ట్ ఫ్రెట్ మీద బజ్ కొడుతుంది, అప్పుడు కొత్త నట్టే గతి. పైకి చెబుతున్నాం గానీ చేతిలో ఫైల్ లేకపోతే రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే మేలు, సూదిమొన ఆకురాయితో రుద్దితే గాడి అడుగు వీ ఆకారంలో తయారవుతుంది.

ఇంకో సంగతి, ఫ్లాట్ తీగని కీలో దూర్చే ముందు కోసేయకండి. ముందు 10-12 సెం.మీ. అదనంగా వదిలి 90 డిగ్రీలు వంచి, ఆ వంపు అవతల కోయండి. వంచకుండా కోస్తే పైన చుట్టిన రేకు లోపలి తీగ మీద వదులై జారుతుంది. కొత్త తీగే చచ్చినట్టు మోగుతుంటే చాలాసార్లు కారణం ఇదే, 'డూప్లికేట్ సెట్టు' అని కొట్టువాణ్ని తిట్టుకుంటారు.

మిక్సర్ బాబాయ్
సెటప్ అయిపోయాక నా వంతు. బేస్ టోన్ నాబ్ పూర్తిగా తెరిచి ఉంచండి. ఓపెన్ ఈ (E) తీగ 41 హెర్ట్జ్. గిటార్లు రెండో మూడో ఉన్నప్పుడు మీరు వినే బేస్‌లో ఎక్కువ భాగం అది కాదు, దాని పై హార్మోనిక్స్ (దానికి రెట్టింపు, మూడింతలు వగైరా పౌనఃపున్యాలు). టక్కు 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఈక్వలైజర్‌లో అక్కడ 3 లేదా 4 డీబీ ఎత్తండి. 250 హెర్ట్జ్ చుట్టూ 3 డీబీ దించండి, ముద్ద చాలావరకు అక్కడే ఉంటుంది. 8 కిలోహెర్ట్జ్ పైన ఎత్తితే బుస్సు తప్ప ఏమీ రాదు. మొదటి పోస్టులో చెప్పిన బుస్సు అదే.

గ్యాలప్‌కి కంప్రెసర్ (గట్టి చప్పుళ్లని అణిచే పరికరం) పెట్టేవాళ్లు చేసే తప్పు అటాక్, అంటే అణచడం మొదలెట్టే సమయం, 5 మిల్లీసెకన్లు పెట్టడం. టక్కు పుట్టకముందే పీక నొక్కేస్తుంది. 4:1 రేషియో, అటాక్ 25-30, రిలీజ్ 60. రిలీజ్ (అణచడం వదిలే సమయం) అంత తక్కువ ఎందుకంటే 160లో చిన్న నోట్ల మధ్య 94 మిల్లీసెకన్లే ఉన్నాయి. రిలీజ్ 200 పెడితే కంప్రెసర్ మూసిన నోరు తెరవదు, 'కి', 'ట' రెండూ లోపలే ఉండిపోతాయి. అప్పుడు వేళ్లు సరిగ్గా పడుతున్నా వినేవాడికి గ్యాలప్ వినబడదు. సాధనలో మాత్రం కంప్రెసర్ ఆపేయండి, ఎత్తుపల్లాలు దాచేస్తుంది.

ఫ్రెట్ రాణి
అందరూ కుడి చెయ్యి దగ్గరే ఆగిపోయారు. హారిస్‌ని గ్యాలప్ వాయిద్యగాడిగా మాత్రమే చూస్తే సగం మనిషిని వదిలేసినట్టే. ఆయన ముందు పాటలు కట్టేవాడు, తర్వాతే బేసిస్టు. 1956లో లండన్ శివారు లేటన్‌స్టోన్‌లో పుట్టాడు, వెస్ట్ హామ్ కుర్రాళ్ల జట్టులో ఫుట్‌బాల్ శిక్షణ తీసుకున్నాడు, డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. మొదట డ్రమ్స్ వాయిద్దామనుకున్నాడు, ఇంట్లో చోటు లేక బేస్ పట్టాడు. గురువంటూ లేడు. స్మైలర్ అనే బ్యాండులో ఉన్నప్పుడు ఆయన కట్టిన పాటలు మరీ చిక్కుగా ఉన్నాయన్నారట, బయటికొచ్చి 1975 క్రిస్మస్ రోజున మెయిడెన్ పెట్టుకున్నాడు.

ఆ చిక్కు ఏమిటో చూడాలంటే 1980 తొలి ఆల్బంలో 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' తీసుకోండి. బేస్ కింద ఉండి రూట్ (కార్డ్ మూల స్వరం) నొక్కుతూ కూర్చోదు, గిటార్‌తో పాటే పరుగెడుతుంది. 'రాత్‌చైల్డ్' మొదలయ్యేదే బేస్‌తో. 1988 'ది క్లైర్వాయంట్' కూడా అంతే. ఎడమ చేతికి ఇవే పాఠాలు. కింది ఫ్రెట్లలో ఒక ఫ్రెట్‌కి ఒక వేలు పెడితే అరచెయ్యి చీలిపోతుంది, 5వ ఫ్రెట్ లోపు చూపుడు, నడిమి, చిటికెన (ఉంగరపు వేలు చిటికెనకి ఆసరా), ఆ పైన నాలుగూ వాడుకోండి.

ఇంకో అలవాటు గమనించండి. ఈ మైనర్ (E minor), సీ, డీ అనే కార్డ్‌ల వరుస ఆయన పాటల్లో ఎన్నిసార్లు వస్తుందో లెక్కే లేదు. 'తా' రూట్ మీద ఉంచి 'కిట' మాత్రం ఐదో స్వరానికో పై స్థాయి ఈ (E) స్వరానికో వేసి చూడండి. అదే గ్యాలప్, పాట కదలడం మొదలెడుతుంది.

మిక్సర్ బాబాయ్
కట్టడం వరకు సరే రాణీ, కానీ ఆయన మిక్సులో వేలు పెట్టినప్పుడల్లా బేస్ ముందుకొచ్చి కూర్చుంటుంది. 1995 'ది ఎక్స్ ఫ్యాక్టర్' వినండి. ప్రొడ్యూసర్ మార్టిన్ బర్చ్ 1981 నుంచి 1992 దాకా ఉన్నన్నాళ్లు బేస్‌కీ గిటార్‌కీ మధ్య గోడ చక్కగా ఉండేది.

ఫ్రెట్ రాణి
ఎక్స్ ఫ్యాక్టర్‌లో బేస్ ముందుకొచ్చి కూర్చుందంటే ఒప్పుకుంటా. కానీ బేస్ నేర్చుకునేవాడికి అంతకంటే మంచి ఆల్బం లేదు, ప్రతి వేలూ వినబడుతుంది! 2000 నుంచి ప్రొడ్యూసర్‌గా కెవిన్ షర్లీ వచ్చాక మూడు గిటార్లు, వాటి మధ్య బేస్ ఏం చేస్తోందో చెవి రిక్కించి వెతుక్కోవాలి.

మోటౌన్ మావయ్య
మీ ఇద్దరి గొడవలో డ్రమ్మర్‌ని మర్చిపోయారు. నికో మెక్‌బ్రెయిన్ ఒకే కాలితో, సింగిల్ పెడల్‌తో వాయించేవాడు, డబుల్ పెడల్ వాడింది 2003 'ఫేస్ ఇన్ ది శాండ్'లో. అంటే గ్యాలప్ మూడు దెబ్బల్నీ గట్టిగా నిలబెట్టే బాధ్యత బేస్‌ది. మీ బ్యాండులో డ్రమ్మర్ డబుల్ పెడల్‌తో మూడూ కొట్టేస్తుంటే బేస్ టక్కు కిక్ చప్పుడులో మునిగిపోతుంది. అతన్ని 'తా' మీదే కొట్టమనండి, సగం సమస్య తీరుతుంది.

నికో 2024 చివర్లో టూర్లు మానేశాడు. 2025లో యాభై ఏళ్ల టూర్‌కి వచ్చిన సైమన్ డాసన్, హారిస్ సొంత బ్యాండు బ్రిటిష్ లయన్‌లో డ్రమ్మరే. అప్పటికి డెబ్భైకి ఏడాది తక్కువలో ఉన్న హారిస్ అవే రెండు వేళ్లతో ఆ టూర్‌లో వాయించాడు. ముంజేయి బిగించి వాయించేవాడైతే 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చేనాటికే అయిపోయేది.

గోదారి గ్యాలప్
నట్ పని చేయించా, కిర్రు పోయింది, టక్కు వచ్చింది. చూ-న-చూ న-చూ-న 144 దగ్గర నిలబడుతోంది. ఇప్పుడు ఇంకోటి. వానలు మొదలయ్యాక 3వ ఫ్రెట్ దగ్గర బజ్, మధ్యాహ్నం ఏసీ గదిలో ఉండదు. సెటప్ తప్పిందా?

సెటప్ సుబ్బు
తప్పలేదు, మెడ కొయ్య కదా, కాకినాడ, విశాఖ గాలికి తేమ పీల్చుకుని వంపు మారుతుంది. 0.2 దగ్గర పెట్టుకున్నప్పుడు వెనక్కి కొంచెం కదిలినా ఫ్రెట్లకి తగులుతుంది. ఏసీ గదిలో కొలిచి రాడ్ తిప్పొద్దు, వాయించే గదిలో ఓ రాత్రి ఉంచి పొద్దున్నే కొలవండి. ఎనిమిదో వంతు చుట్టు వదిలి చూడండి, 0.25 వస్తే అక్కడే ఆపేయండి. ఎండాకాలం మళ్లీ అంతే బిగించుకోవాలి. తీగల సంగతి, వాయించాక స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, కింద అట్టముక్క పెట్టండి, మేపుల్ ఫింగర్‌బోర్డు పాలిష్ మీద స్పిరిట్ పడకూడదు. రౌండ్‌వౌండ్‌లా నీళ్లలో మరిగించే ప్రయోగం మాత్రం ఫ్లాట్ మీద చేయకండి, రేకుల మధ్య దూరిన నీరు ఆరదు, లోపల తుప్పు పడుతుంది.